ముగ్గు పోయకముందే అడగండి: కొత్త బడి ప్లానులో పిల్లల మాట, పంతుళ్ల మాట, ఊరి మాట

మాస్టారూ, నమస్కారం.

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది ప్రాథమికోన్నత పాఠశాల, నూట నలభై మంది పిల్లలు. పాత పెంకుల భవనం కూల్చడానికి అనుమతి వచ్చింది. నాలుగు గదులు, మరుగుదొడ్లు, వంటగది మంజూరయ్యాయి. ఇంజినీరు గారు నెలలోపు ప్లాను ఇస్తామన్నారు. "పిల్లలను, తల్లిదండ్రులను, ఊరిని కలుపుకొని కట్టాలని ప్రతి సమావేశంలో చెబుతున్నారు. ప్లాను ఎలాగూ పైనుంచే వస్తుంది కదా, అడిగి ప్రయోజనం ఏమిటి? అడగాలంటే ఎలా అడగాలి?" అన్నది మీ సందేహం.

నేను ప్రభుత్వ బడుల నిర్మాణంలో ఇరవై ఏడేళ్లు పనిచేసి రిటైరైన ఇంజినీరును. నా అనుభవంలో, మీ చేతిలో ఇప్పుడున్న ఈ నెల రోజులకు ఉన్న విలువ తర్వాత వచ్చే ఏడాదికి కూడా ఉండదు. పరిపాలనా అనుమతికి (కట్టవచ్చన్న అనుమతి), సాంకేతిక మంజూరుకు (ప్లానూ ఖర్చు లెక్కా ఖాయమయ్యే మంజూరు) మధ్య ఉన్న వ్యవధి ఇది. సాంకేతిక మంజూరు మీద సంతకం పడ్డాక కిటికీ ఒక అడుగు పక్కకు జరగాలన్నా సవరణ ఎస్టిమేటు కావాలి, ఫైలు మళ్లీ కిందినుంచి పైకి నడవాలి. అంత తిప్పలు ఎవరూ పడరు. సంతకం పడకముందు అదే కిటికీని పెన్సిలుతో జరపవచ్చు. కాబట్టి శంకుస్థాపన రోజున కాదు, ఈ వారంలోనే మొదలుపెట్టండి.

ప్లాను పైనుంచే వస్తుందన్న మాటలో సగమే నిజం. పైనుంచి వచ్చేది టైపు డిజైను, అంటే అన్ని బడులకూ ఒకేలా వాడే నమూనా. గది కొలత, స్తంభాలు, బీములు, స్లాబు మందం, ఎంత ఇనుము అన్నవి అందులో ఉంటాయి. వాటి జోలికి మనం వెళ్లకూడదు, వెళ్లవలసిన అవసరమూ లేదు. కానీ ఆ గదులు మీ స్థలంలో ఏ మూలన కూర్చోవాలి, ముఖం ఎటు పెట్టాలి, తలుపు ఏ చివర రావాలి, నల్లబోర్డు ఏ గోడకు ఉండాలి, కుళాయి ఎంత ఎత్తులో ఉండాలి, మరుగుదొడ్లకు దారి ఎటునుంచి, ఏ చెట్టు మిగలాలి, అలమరలు ఎక్కడ, కూర్చునే అరుగు ఎక్కడ అన్నవేవీ టైపు డిజైనులో ఉండవు. రాజధానిలో కూర్చుని గీసిన మనిషికి మీ స్థలం తెలియదు కనుక ఉండలేవు. బడి బాగుందా లేదా అన్నది చాలావరకు ఇవే తేలుస్తాయి. వీటిలో ఎక్కువ వాటికి అదనంగా ఒక్క రూపాయి ఖర్చు కాదు.

నా ఉద్యోగం కొత్తలో కట్టించిన ఒక ఉన్నత పాఠశాల సంగతి చెబుతాను. మరుగుదొడ్లు స్థలం వెనక మూలన, ప్రహరీకి ఆనించి పెట్టాను. ఎవరికీ కనబడవు, వాసన రాదు అనుకున్నాను. పని చక్కగా వచ్చింది. టైల్స్ వేయించాను, పైన ట్యాంకు పెట్టించాను, నీళ్లు ధారాళంగా వచ్చేవి. ఏడాది తర్వాత వేరే పని మీద వెళితే ఆడపిల్లల వైపు తాళం వేసి ఉంది. తీయించి చూస్తే లోపల విరిగిన బెంచీలు, పాత జవాబు పత్రాల కట్టలు. ఎందుకు వాడడం లేదని అడిగితే ఉపాధ్యాయులు సరిగా చెప్పలేకపోయారు. నేను జీపు ఎక్కబోతుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది. "అటు వెళ్లాలంటే పదో తరగతి అబ్బాయిల కిటికీల ముందు నుంచి నడవాలి సార్. గడియ వదులుగా ఉంది, తోస్తే తెరుచుకుంటుంది. వెంటిలేటరు అవతల రోడ్డు."

మూడే మాటలు. ఆ బడిలో ఆడపిల్లలు పొద్దున ఇంటి దగ్గర నీళ్లు తాగడం మానేసి, సాయంత్రం దాకా బిగబట్టుకుని కూర్చుంటున్నారని తర్వాత తెలిసింది. ప్లాను గీసే ముందు నేను ఒక్క ఆడపిల్లను అడిగి ఉంటే ఆ కట్టడం నలభై అడుగులు ఇటు జరిగేది, దారి అవతలి వైపు నుంచి వచ్చేది, వెంటిలేటరు లోపలి వైపుకు తిరిగేది. ఇటుకలు అన్నే, సిమెంటు అంతే. ఆ తర్వాత నేను అడగకుండా ఏ బడీ గీయలేదు.

అయితే అడగడంలోనే అసలు విషయం ఉంది. "మీకు ఎలాంటి బడి కావాలి?" అని మాత్రం ఎవరినీ అడగకండి. నేనూ మొదట్లో అలాగే అడిగాను. పిల్లలు ఈత కొలను, లిఫ్టు గీసి ఇచ్చారు. తల్లిదండ్రులు "బాగుండాలి సార్, గట్టిగా ఉండాలి" అన్నారు. ఉపాధ్యాయులు "మీకు తెలియనిదేముంది, మీరే చూడండి" అన్నారు. తప్పు వాళ్లది కాదు. భవనాన్ని ఊహించి చెప్పడం ఇంజినీరు నేర్చుకున్న విద్య. వాళ్లకు తెలిసిన విద్య వేరే ఉంది: ఆ ఆవరణలో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఏం జరుగుతుందో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అందుకే భవనం గురించి అడగకుండా రోజు గురించి అడగాలి. నిన్న ఇంటర్వెల్లో ఎక్కడ కూర్చున్నావు? వాన వస్తే అన్నం ఎక్కడ తింటారు? మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యేనాటికి ఏ గదిలో కూర్చోలేకపోతారు? బోర్డు మీద అక్షరాలు ఏ వేళలో కనబడవు? చెప్పులు ఎక్కడ విప్పుతావు? బడిలో నువ్వు ఎప్పుడూ వెళ్లని చోటు ఏది, ఎందుకు వెళ్లవు? ఈ ప్రశ్నలకు ఏడేళ్ల పిల్ల కూడా తడుముకోకుండా జవాబు చెబుతుంది. ఆ జవాబులను గోడలుగా, కిటికీలుగా మార్చడం ఇంజినీరు పని.

పిల్లలతో ఇలా చేయండి. ఆరుగురేసి జట్లు చేసి, ఒక్కో జట్టుకు ఒక పెద్దవారిని ఇచ్చి, బడి ఆవరణంతా తిప్పించండి. దారి చూపించేది పిల్లలు, పెద్దవారు రాసుకోవడానికి మాత్రమే. మధ్యలో "అలా కాదురా" అని సర్దిచెప్పే వాళ్లను ఈ పనికి పెట్టకండి. తిరిగి వచ్చాక వరండా గచ్చు మీద సుద్దముక్కతో బడి పటం గీయించండి. ఇష్టమైన చోట చింతగింజ, భయమో ఇబ్బందో ఉన్న చోట చిన్న రాయి పెట్టమనండి. ఆడపిల్లల పటం వేరు, మగపిల్లల పటం వేరు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే బడిలో రెండు బడులున్నాయని తెలుస్తుంది.

ఒక బడిలో ఇలా గీయిస్తే చింతగింజలన్నీ వేపచెట్టు కింద ఉన్న పాత అరుగు మీద కుప్పపడ్డాయి. అన్నం అక్కడే, చదువు అక్కడే, ఆటలో దెబ్బ తగిలితే కూర్చునేదీ అక్కడే. మా ప్లానులో ఆ చెట్టు సరిగ్గా నాలుగో గది పునాదిలో పడుతోంది. నాలుగు గదులనూ ఒకే వరుసలో గీశాము మరి. ఆ సాయంత్రం కూర్చుని మూడు గదులు ఒక వరుసలో, నాలుగోది అడ్డంగా తిప్పి గీస్తే చెట్టు మధ్యలో మిగిలింది, చుట్టూ వరండా వచ్చింది. చెట్టుకు, పునాదికి మధ్య తగినంత దూరం ఉంచి, వేర్ల వైపు పునాదిని లోతుగా దింపాము. ఆ బడి ఫొటో ఎవరు తీసినా ఈ రోజుకీ ఆ చెట్టే ముందు కనబడుతుంది.

ఒకటి, రెండు తరగతుల పిల్లలను ప్రశ్నలతో వేధించకండి, గమనించండి. కుళాయి దగ్గర అరగంట నిలబడితే చాలు. చిన్నపిల్లలు మునివేళ్ల మీద లేచి తిప్పుతుంటే, నీళ్లు మోచేతుల మీదుగా చొక్కాలోకి కారుతుంటే ఎత్తు ఎంత ఉండాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకటో తరగతి పిల్లల్లో అందరికన్నా పొట్టివారిని నిలబెట్టి, మోచేయి ఎత్తు కొలిచి ఇంజినీరు గారికి రాసివ్వండి. ఒకే గట్టు మీద రెండు ఎత్తుల్లో కుళాయిలు పెట్టడం కష్టమేమీ కాదు. కిటికీ అడుగు అంచు కూడా అంతే. కింద కూర్చున్న పిల్లవాడికి బయటి చెట్టు కనబడాలా, ఉత్త గోడ కనబడాలా అన్నది ఆ అరడుగులో ఉంటుంది.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల ఆడపిల్లల మాట వినాలంటే అందరి ముందు అడగకూడదు. ఒక ఉపాధ్యాయురాలో, మీ ఊరి ఏఎన్ఎమ్మో, ఆశా కార్యకర్తో వాళ్లతో విడిగా కూర్చోవాలి. తర్వాత పేరు రాయని చీటీలు ఒక డబ్బాలో వేయమనండి. గడియ, లోపల బట్టలు తగిలించుకునే కొక్కెం, ప్యాడ్లు వేసే మూత బుట్ట, లోపలే కుళాయి, పగటిపూట లైటు లేకుండా కనబడేంత వెలుతురు. నేను చదివిన చీటీల్లో మళ్లీ మళ్లీ కనబడినవి ఇవే. ఇందులో ఏ ఒక్కటీ ఎస్టిమేటును పెద్దగా పెంచేది కాదు. ఏ ఒక్కటి లేకపోయినా లక్షలు పోసి కట్టిన గదికి తాళం పడుతుంది.

నడవలేని పిల్లలు, చూపు తక్కువైన పిల్లలు మీ బడిలో ఇప్పుడు ఎవరూ లేరని రాశారు. బహుశా ఊళ్లో ఉన్నారు, బడికి రాలేకపోతున్నారు. అంగన్‌వాడీ కార్యకర్తను అడగండి, ఆ ఇంటికి వెళ్లి తల్లితో మాట్లాడండి. ర్యాంపు గురించి ఒక లెక్క గుర్తుపెట్టుకోండి: ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు కావాలి. మీ బేస్‌మెంట్ నేల నుంచి రెండు అడుగుల ఎత్తు ఉంటే ర్యాంపు ఇరవై నాలుగు అడుగులు, పైన చక్రాల కుర్చీ తిప్పుకోవడానికి చదునైన చోటు అదనం. ప్లానులో దీనికి ముందే చోటు పెట్టకపోతే చివర్లో మెట్ల పక్కన మిగిలిన ఎనిమిది అడుగుల్లో ఒక జారుడుబల్ల కట్టి ర్యాంపు అంటారు. నేను చూసిన బడుల్లో అలాంటివే ఎక్కువ. దాని మీద కుర్చీని ఒక్కరు తోయలేరు, దింపేటప్పుడు పట్టుకోలేరు. చక్రాల కుర్చీలో ఉన్న పిల్లవాడిని ర్యాంపు ఎక్కించి, మరుగుదొడ్డి తలుపు దగ్గరే ఆపేసిన బడులూ ఉన్నాయి. ఆ తలుపు బయటికి తెరుచుకోవాలి, కుర్చీ దూరేంత వెడల్పు ఉండాలి. మీ బడి పోలింగు కేంద్రం కూడా అయి ఉంటుంది కనుక ఊళ్లోని ముసలివాళ్లకూ ఈ ర్యాంపు పనికొస్తుంది. పంచాయతీ వాళ్లను ఒప్పించడానికి ఆ మాట వాడుకోండి.

ఉపాధ్యాయుల దగ్గరికి వద్దాం. వాళ్లను సమావేశంలో అడిగితే మర్యాద కోసం తల ఊపుతారు. ఒక్కొక్కరి తరగతిలో వెనక బెంచీలో ఒక పీరియడు కూర్చోమని ఇంజినీరు గారిని కోరండి. వస్తారా అని సందేహించకండి, పిలిస్తే వచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు, పిలిచేవాళ్లే తక్కువ. నేను అలా కూర్చున్న ఒక ప్రాథమిక పాఠశాలలో ఇద్దరే ఉపాధ్యాయులు, ఐదు తరగతులు. ఒకే గదిలో మూడు, నాలుగు, ఐదు. టైపు డిజైనులో గదికి ఒకటే బోర్డు, ముందు గోడకు. మూడో తరగతికి ఎక్కం రాస్తుంటే ఐదో తరగతి పిల్లలు అదే చూసి చదువుతున్నారు. ఆ పంతులమ్మ రెండో బోర్డు వెనక గోడకు కావాలని, పిల్లలను వీపులు ఆనించి అటూ ఇటూ కూర్చోబెట్టుకుంటానని అడిగారు. పక్క గోడలకు కింద మూడడుగుల ఎత్తు వరకు నల్లరంగు వేయిస్తే చిన్నపిల్లలు అక్కడే రాసుకుంటారని కూడా అన్నారు. ఇచ్చేశాం. గదికి ఒక తరగతి, తరగతికి ఒక పంతులు అన్న ఊహతో గీసిన ప్లాను, ఇద్దరు పంతుళ్ల బడిలో ఎప్పుడూ అమరదు.

ఉపాధ్యాయులను అడగవలసినవి ఇంకా ఉన్నాయి. పాఠ్యపుస్తకాలు, ఆట వస్తువులు ఎక్కడ దాస్తారు? అలమర లేని గదిలో అవి ఒక బెంచీని, ఒక మూలను తినేస్తాయి. పక్క తరగతి గొంతు ఎక్కడినుంచి వినబడుతుంది? బోర్డు మీద ఎండ పడి మెరిసేది ఏ కిటికీ వల్ల? ఇవి అడిగితే గదుల ముఖం ఎటు ఉండాలో దానంతట అదే తేలుతుంది. మన ఎండలకు పొడవాటి గోడలు ఉత్తరం, దక్షిణం వైపు ఉండి, తూర్పు పడమరల గోడలకు కిటికీలు తక్కువగా ఉంటే గది చల్లగా ఉంటుంది. స్థలం అందుకు ఒప్పుకోకపోతే పడమటి వైపు వరండా రానివ్వండి. స్లాబు మీద తెల్లటి పూత వేయించే మాట కూడా ఇప్పుడే ఎత్తండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. వేడి స్లాబు కింద మధ్యాహ్నం మూడో పీరియడులో ఎంత మంచి పంతులు చెప్పినా పాఠం పిల్లలకు ఎక్కదు.

ఉపాధ్యాయులు కాని వాళ్లను అందరూ మరిచిపోతారు. వంట చేసే అక్కలను, ఊడ్చే ఆయాను తప్పకుండా విడిగా అడగండి. వంద మందికి పైగా సరిపడే అన్నం గుండిగను పొయ్యి మీద నుంచి దించి, గడప దాటించి, ఎండలో నడిచి వరండా ఎక్కించేది వాళ్లు. ఆ దారిలో ఒక్క మెట్టు తగ్గినా వాళ్ల నడుముకు మేలు. ఒక వంటగదిలో కిటికీ సరిగ్గా పొయ్యి ఎదురుగా పెట్టాము. గాలికి మంట ఆరిపోతోందని వాళ్లు దానికి గోనెసంచి కట్టుకున్నారు, ఆ తర్వాత పొగంతా లోపలే. వాళ్లను అడిగి ఉంటే కిటికీ పక్క గోడకు వచ్చేది.

పొగ అంటే గుర్తొచ్చింది. వంటగది ఆగ్నేయంలోనే ఉండాలని, ఈశాన్యంలో బరువు పెట్టకూడదని ఊళ్లో పెద్దలు పట్టుబడతారు. దాన్ని తీసిపారేయకండి, గౌరవంగా వినండి. చాలాసార్లు వాళ్ల మాటా, మన అవసరమూ కలుస్తాయి. కలవని చోట వాదించకుండా చూపించండి. వంటగది అనుకున్న చోట పదకొండు గంటలప్పుడు కొంచెం తడి గడ్డి అంటించి పొగ ఎటు పోతుందో అందరూ కలిసి చూడండి. పొగ తరగతుల మీదికి వస్తుంటే ఇంకెవరూ చెప్పనక్కర్లేదు, పెద్దలే నాలుగు అడుగులు జరపమంటారు. చూపించి ఒప్పించడమంటే నాకు ఒక బడి గుర్తొస్తుంది. పశ్చిమాఫ్రికాలోని బుర్కినా ఫాసోలో గాందో అనే పల్లె ఉంది. ఆ ఊరి బిడ్డ ఫ్రాన్సిస్ కెరె ఆర్కిటెక్చర్ చదువుతుండగానే, 2001లో ఊరివాళ్లతో కలిసి మట్టి ఇటుకలతో బడి కట్టాడు. మట్టి వానకు నిలుస్తుందని ఊరు మొదట నమ్మలేదు. ఉపన్యాసాలతో లాభం లేదని గ్రహించి, కట్టి చూపించి ఒప్పించాడు. ఆ బడికి 2004లో మంచి కట్టడాలకిచ్చే ఆగాఖాన్ పురస్కారం వచ్చింది, 2022లో కెరెకు ఆర్కిటెక్టులకిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. నాకు బహుమతుల కన్నా ఆ చూపించి ఒప్పించే ఓపిక గొప్పగా అనిపిస్తుంది.

ఇక ఊరు. 2009 విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయవలసింది ఆ కమిటీయే. కాబట్టి మీరు ఎవరికో దయతలచి అవకాశం ఇవ్వడం లేదు, అది వాళ్ల హక్కు. ఈ మాట ఇంజినీరు గారికి కూడా చెప్పండి.

మన రెండు రాష్ట్రాల్లోనూ దీనికి అనుభవం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో మొదలైన మన బడి నాడు-నేడు మొదటి విడతలో 15,715 బడుల పనులు తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగా జరిగాయి. తెలంగాణలో 2022 మార్చిలో మన ఊరు-మన బడి మొదలైంది. 2024లో మహిళా సంఘాల సభ్యులతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. కాంట్రాక్టరు తప్ప ఎవరూ అడుగుపెట్టని చోట తల్లులు నిలబడి సిమెంటు బస్తాలు లెక్కపెట్టడం, గోడకు నీళ్లు పట్టారో లేదో చేయి పెట్టి చూడడం చిన్న విషయం కాదు. నేను దాన్ని మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. కానీ ఏం చేయాలన్న జాబితా మాత్రం ముందే పైన తయారైంది: మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, రంగులు, బోర్డులు, ప్రహరీ అని. కొనడంలో, కట్టించడంలో తల్లిదండ్రుల చేయి ఉంది. ఏది ఎక్కడ, ఎలా అన్న ఆలోచనలో వాళ్ల మాట తక్కువ. మీరు ఆ లోటు తీర్చాలని నా కోరిక.

సమావేశం వేళ జాగ్రత్త. పదకొండు గంటలకు పెడితే కూలికి, ఉపాధి హామీ పనికి వెళ్లే తల్లులు ఎవరూ రారు. వచ్చిన పదిమందే ఊరు అనిపించుకుంటారు. రచ్చబండ దగ్గర పెడితే ఆడవాళ్లు వెనక నిలబడి వెళ్లిపోతారు. చీకటిపడే వేళకు మీరే వాళ్ల దగ్గరికి వెళ్లండి. ఎస్సీ కాలనీకి ఒక రోజు, తండా ఉంటే తండాకు ఒక రోజు. మీ బడిలో ఎక్కువమంది పిల్లలు ఏ వాడ నుంచి వస్తున్నారో హాజరు పట్టీ చూస్తే తెలుస్తుంది. ఆ వాడ మాట ముందు వినండి. గేటు ఏ వైపు పెట్టాలన్నది కూడా ఆ పిల్లలు నడిచి వచ్చే దారిని బట్టి తేలాలి.

ముసలివాళ్లను మాత్రం ఒక్క ప్రశ్న అడగండి: "పెద్ద వాన పడ్డప్పుడు ఈ స్థలంలో నీళ్లు ఎక్కడ నిలుస్తాయి?" బడులకు దొరికే భూమి చాలాసార్లు పోరంబోకు, లేదా పూడ్చిన కుంట. మట్టి పరీక్ష ఒకటి రెండు చోట్ల చేస్తారు. డెబ్బై ఏళ్ల మనిషికి మొత్తం స్థలం గుర్తుంటుంది. ఒకచోట ఒక గొర్రెల కాపరి పెద్దాయన కర్రతో గీత గీసి, "దీనికి ఇవతల రేగడి, అవతల గరప. ఇవతల మా నాన్న కాలంలో ఎద్దులకు నీళ్లు తాపేవాళ్లం" అన్నారు. తవ్వి చూస్తే ఆయన గీసిన గీతకు రెండు గజాల్లోపే నేల మారింది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్లిస్తుంది. మామూలు పునాది వేస్తే రెండేళ్లలో గోడలు బీటలు వారతాయి. భవనాన్ని అలా ఉబ్బని గరప నేల వైపు జరిపాము.

ప్రహరీ సంగతి కూడా ముందే తేల్చుకోండి. మీ ఆవరణలో అడ్డంగా కాలిబాట ఉందని రాశారు. పొలాలకు వెళ్లే దారి అయి ఉంటుంది. దాన్ని గోడతో మూసేస్తే రాత్రికి రాత్రి గోడకు కన్నం పడుతుంది, ఆ కన్నం ఇక పూడదు. స్థలం అంచున ఆరడుగుల దారి వదిలి, గోడను లోపలికి జరపండి. కోల్పోయిన ఆరడుగులకు బదులు గోడ నిలుస్తుంది. పెళ్లిళ్లకు, ధాన్యం ఆరబోయడానికి ఆవరణ అడుగుతారా అన్నది కూడా మొహమాటం లేకుండా మాట్లాడుకోండి. ఎప్పుడు ఇస్తారు, ఎప్పుడు ఇవ్వరు, శుభ్రం ఎవరు చేస్తారు అన్నది కాగితం మీద ఉంటే తర్వాత గొడవ ఉండదు.

అందరినీ అడగమన్నాను కదా అని అన్నీ ఓటుకు పెట్టకండి. ఇనుము ఎంత, స్లాబు ఎన్ని రోజులు తడపాలి, కరెంటు తీగలు ఎలా వెళ్లాలి, మంటలు లేస్తే పిల్లలు ఎటు పరుగెత్తాలి అన్నవి బేరాలకు సంబంధించినవి కావు. 2004 జులై 16న కుంభకోణంలో ఒక బడి వంటశాల నిప్పు పూరి పైకప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయారు. ఆ ఘటన మీద వచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2009లో, సురక్షితమైన బడిలో చదువుకోవడం విద్యా హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. వంటగది తరగతులకు దూరంగా ఉండాలి. గది తలుపు బయటికి తెరుచుకోవాలి. మెట్ల దారిలో బీరువా పెట్టకూడదు. డబ్బు మిగల్చడానికి వీటిలో ఏదైనా తగ్గించమని ఊరంతా ఏకమై అడిగినా మీరు, ఇంజినీరు గారు కాదనాలి. అంతేకాదు, ఏవి చర్చకు ఉన్నాయో, ఏవి లేవో మొదటి రోజే చెప్పండి. చేతిలో లేనిదాన్ని అడిగించుకుని తర్వాత కుదరదంటే మీ మాట మీద నమ్మకం పోతుంది.

బోధనకు పనికొచ్చే చిన్న చిన్న ఏర్పాట్లూ ఉన్నాయి. యునిసెఫ్ తోడ్పాటుతో విన్యాస్ అనే సంస్థ, ఆర్కిటెక్టు కబీర్ వాజ్‌పేయి రూపొందించిన బాలా పద్ధతి అంటే భవనాన్నే బోధనోపకరణంగా మలచడం. తలుపు తెరుచుకునే చోట గచ్చు మీద కోణాలు గీస్తే తలుపే కోణమానిని అవుతుంది. కిటికీ ఊచలే గణిత ఆకారాలవుతాయి. అయితే వీటిని కూడా పంతుళ్లు ఎంచుకోవాలి. ఎవరూ అడగకుండా వేసిన గోడబొమ్మలు ఏడాదికి బీరువాల వెనక్కి పోతాయి.

ఇప్పుడు నేను అన్నింటికన్నా ఇష్టంగా చేసే పని చెబుతాను. ముసాయిదా ప్లాను రాగానే కాగితం ఎవరికీ చూపించకండి. కాగితం మీద గీతలు చూసి గదిని ఊహించడం పెద్దలకే కష్టం. ఒక శనివారం మధ్యాహ్నం రెండు బస్తాల ముగ్గుపిండి, తాడు, టేపు, మేకులు తెచ్చి, కట్టబోయే చోటనే అసలు కొలతలతో మొత్తం బడిని నేల మీద పోయించండి. గోడలకు జంట గీతలు, తలుపులకు ఖాళీ, కిటికీలకు అడ్డగీతలు. ఏ గదిలో ఎవరో ఆ పిల్లలను బెంచీలతో సహా అందులో కూర్చోబెట్టండి. పంతులును బోర్డు చోట నిలబెట్టండి. వంట అక్క ఖాళీ గుండిగతో వంటగది నుంచి వరండాకు నడవాలి. ఆడపిల్లలు మరుగుదొడ్డి దారిలో నడిచి చూడాలి. ఎవరి దగ్గరైనా చక్రాల కుర్చీ ఉంటే తెచ్చి ర్యాంపు గీత మీద తోసి మలుపు తిప్పండి.

ఒక బడిలో ఇలా ముగ్గు పోసి నలభై మందిని ఒక గదిలో కూర్చోబెట్టాక, చివరి వరుసలో ఉన్న ఐదో తరగతి పిల్లవాడు లేచి తలుపు దగ్గరికి వెళ్లడానికి బయలుదేరాడు. గీత తొక్కకూడదని చెప్పాను కనుక బెంచీల మధ్య నుంచే వెళ్లాలి. వెళ్లలేకపోయాడు. తలుపు ముందు గోడ మూలన ఉంది, అంతదూరం ఎవరో ఒకరిని లేపకుండా దారి లేదు. "సార్, వాంతి వస్తే ఎలా?" అన్నాడు. అందరూ నవ్వారు కానీ మా పై ఇంజినీరు డీఈ గారు నవ్వలేదు. వెనక వైపు రెండో తలుపు పెట్టించారు. నిప్పంటుకుంటే బయటపడే దారి కూడా అదే కదా.

ఆ రోజు వచ్చిన మార్పులన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి, ఇంజినీరు గారి చేత, కమిటీ అధ్యక్షురాలి చేత అక్కడే సంతకాలు పెట్టించండి. తీర్మానం నకలు ఎస్టిమేటుకు జతచేయమనండి. ఆ కాగితం ఉంటే రేపు ఇంజినీరు బదిలీ అయినా, కొత్తగా వచ్చినవారు మొదటికి తీసుకెళ్లరు.

ఆ తర్వాత చేయవలసింది ఒకటుంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. పిల్లలు అడిగిన వాటిలో ఏది ప్లానులోకి వచ్చిందో, ఏది రాలేదో, ఎందుకు రాలేదో పెద్ద అక్షరాలతో చార్టు రాసి ప్రార్థన వేళ చదవండి. "ఈత కొలను రాదు, నీళ్లు లేవు. వేపచెట్టు ఉంటుంది. చిన్న కుళాయి వస్తుంది. రెండో తలుపు వస్తుంది, అది ఐదో తరగతి చెప్పింది." పేర్లు వద్దు, తరగతి పేరు చాలు. రాలేదన్న జవాబును పిల్లలు బాగానే తీసుకుంటారు. జవాబే రాకపోతే మళ్లీ నోరు విప్పరు. స్లాబు పోసే రోజున కూడా వాళ్లను దూరంగా నిలబెట్టి చూపించండి. కట్టడం పూర్తయి ఒక వానాకాలం, ఒక వేసవి గడిచాక అదే చింతగింజల పటం మళ్లీ గీయించండి. రాళ్లు ఎక్కడ పడ్డాయో అక్కడ ఇంకా పని మిగిలి ఉందని అర్థం.

ప్లాను ముసాయిదా చేతికి రాగానే ఉత్తరం దిక్కు, బేస్‌మెంట్ ఎత్తు, ఆ కాలిబాట ఎటునుంచి ఎటు పోతుందో రాసి పంపండి. ర్యాంపుకు ఎక్కడ చోటు దొరుకుతుందో నేను గీసి పంపుతాను.